వియన్నా ఒపెరాకి వెళ్తున్నాం, ఎక్కడ దిగితే మంచిది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. జూన్ మొదట్లో మీరిద్దరూ, మీ అమ్మానాన్నలూ వియన్నాలో నాలుగు రాత్రులు ఉంటారు. అందులో ఒక సాయంత్రం స్టేట్ ఒపెరాలో ఏదో ఒకటి చూడాలి. నాన్నగారికి మోకాళ్ళ నొప్పి. నలుగురూ శాకాహారులు. గదికి రాత్రికి 150 యూరోల దాకా పెట్టగలరు. ఒపెరాకి నడిచి వెళ్ళేంత దగ్గర్లో హోటల్ తీసుకోవాలా, కాస్త దూరమైనా పర్వాలేదా అని అడుగుతున్నారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఒపెరా పక్కనే దిగాల్సిన పని లేదు. నాలుగో జిల్లా వీడెన్‌లో, వీడ్నర్ హౌప్ట్‌స్ట్రాస్సె అనే పెద్ద రోడ్డు మీదో, దాని పక్క సందుల్లోనో, ట్రామ్ స్టాపుకి దగ్గరగా చూసుకోండి. అక్కడ మీ బడ్జెట్లో కుదరకపోతే ప్రధాన రైల్వే స్టేషన్ హౌప్ట్‌బాన్‌హోఫ్ చుట్టుపక్కల ఉన్న కొత్త హోటళ్ళు చూడండి. ఈ రెండింట్లో ఏదైనా మీకు సరిపోతుంది. ఇక్కడితో చదవడం ఆపేసినా మీకు వచ్చే నష్టమేమీ లేదు. ఎందుకో తెలుసుకోవాలనుకుంటే మాత్రం కాస్త ఓపిక పట్టండి, పెద్ద కథే ఉంది.

నేను ఈ ఊళ్ళో పదిహేనేళ్ళుగా ఉంటున్నాను. మొదటి ఆరేళ్ళు ఒక హోటల్లో రాత్రి షిఫ్టు రిసెప్షన్‌లో పనిచేశాను. ఒపెరా నుంచి తిరిగొచ్చే జనాన్ని రాత్రి పదిన్నర నుంచి పన్నెండు దాకా చూడటం నా ఉద్యోగంలో భాగం. వెళ్ళేటప్పుడు అందరూ బాగానే వెళ్తారు. సాయంత్రం ఆరున్నరకి వెలుతురు ఉంటుంది, ఒంట్లో ఓపిక ఉంటుంది, కొత్త బట్టల ఉత్సాహం ఉంటుంది. తిరిగొచ్చేటప్పుడే అసలు సంగతి బయటపడేది. మూడు గంటలు కూర్చుని కాళ్ళు పట్టేసి, ఆకలేసి, కొత్త చెప్పులు కరిచి వచ్చేవాళ్ళు. అందుకే నన్నెవరడిగినా ఒకటే చెప్తాను: హోటల్‌ని వెళ్ళే దారి చూసి కాదు, తిరిగొచ్చే దారి చూసి ఎంచుకోండి. మ్యాపులో ఎన్ని మీటర్లో చూడకండి. ఎన్ని మెట్లు, ఎంత ఎత్తు, ట్రామ్ దిగాక ఇంకెంత నడక అన్నది చూడండి.

ఇంత తెలిసిన నేనే మా అమ్మానాన్నలు మొదటిసారి వచ్చినప్పుడు తప్పు చేశాను. అప్పటికి నేనుండేది ఒకే ఒక్క గది. అందుకని వాళ్ళకోసం ఆరో జిల్లాలో ఒక అపార్ట్‌మెంట్ అద్దెకి తీసుకున్నాను. "మొదటి అంతస్తు" అని రాశారు. మొదటి అంతస్తే కదా, లిఫ్టు లేకపోతే ఏం అనుకున్నాను. ఇక్కడి పాత బిల్డింగుల లెక్క వేరని అప్పుడు తట్టలేదు. వీధి మట్టానికి కాస్త ఎత్తులో హోఖ్‌పార్టెర్ అని ఒక అంతస్తు, దాని మీద మెజానిన్ అని ఇంకొకటి, ఆ తర్వాతే వీళ్ళ "ఒకటి" మొదలవుతుంది. మన లెక్కలో అది మూడోది. పైగా పైకప్పులు బాగా ఎత్తు కాబట్టి ఒక్కో అంతస్తుకి మెట్లూ ఎక్కువే. ఒపెరా చూసి రాత్రి పదకొండుకి వచ్చాం. అమ్మ కంచి పట్టుచీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని ఎక్కుతోంది. రెండో మలుపు దగ్గర మెట్ల లైటు ఆరిపోయింది. ఇక్కడ మెట్ల దారి లైట్లకి టైమర్ ఉంటుంది, ఒకట్రెండు నిమిషాల్లో వాటంతటవే ఆరిపోతాయి. చీకట్లో గోడ తడుముకుంటూ నేను స్విచ్ వెతుకుతుంటే, వెనక నుంచి అమ్మ "ఇక నావల్ల కాదు, నేనిక్కడే కూర్చుంటా" అని మెట్టు మీద కూలబడింది. లైటు వెలిగాక లెక్కపెట్టాను. మొత్తం డెబ్భై ఒక్క మెట్లు. నాన్న ఇప్పటికీ ఒపెరా అనగానే పాటల గురించి కాదు, ఆ మెట్ల గురించే చెప్తారు.

కాబట్టి మీరు ఎక్కడ బుక్ చేసినా ముందు ఒక మెయిల్ పెట్టి ఈ ప్రశ్న అడగండి: "లిఫ్టు వీధి మట్టం నుంచే ఉందా, లేక కొన్ని మెట్లెక్కాక మొదలవుతుందా?" లిఫ్టు ఉందా అని మాత్రమే అడిగితే ఉందనే అంటారు. అది అబద్ధం కూడా కాదు. నూరేళ్ళ నాటి బిల్డింగులకి లిఫ్టు తర్వాతెప్పుడో పెట్టారు, చాలాచోట్ల ఏడెనిమిది మెట్లెక్కితే గానీ దాని తలుపు దగ్గరికి చేరరు. రిసెప్షన్లో ఉన్నప్పుడు నన్ను ఈ ప్రశ్న ఇలా అడిగినవాళ్ళని ఒక చేతి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

ఒపెరాకి ఆనుకుని ఉన్న చోటు సంగతి. ఒపెరా మొదటి జిల్లాలో ఉంది. అడ్రసులో పిన్‌కోడ్ 1010 అని ఉంటే మొదటి జిల్లా, 1040 అంటే నాలుగో జిల్లా, 1100 అంటే పదోది. మధ్యలోని రెండంకెలే జిల్లా నంబరు. ఇది తెలిస్తే "సిటీ సెంటర్" అని రాసుకునే హోటళ్ళ మాటలు నమ్మాల్సిన అవసరం ఉండదు. ఒపెరా వెనక సందులో 1876లో మొదలైన సాఖర్ హోటల్, పక్కన రింగ్ రోడ్డు మీద 1892 నాటి బ్రిస్టల్ ఉన్నాయి. రెండూ రాజభోగమే. మీ బడ్జెట్‌కి అవి ఎన్నో రెట్లు. సాఖర్ కేకు తినాలంటే కింద ఉన్న కెఫేలో తినొచ్చు, గది తీసుకోనక్కర్లేదు. కేకులో గుడ్డు ఉంటుంది, మీ ఇంట్లో పట్టింపు ఉంటే చూసుకోండి.

అదే పరిసరాల్లో చిన్న పెన్షన్లు కొన్ని ఉన్నాయి. పెన్షన్ అంటే మనకి తెలిసిన పెన్షన్ కాదు, పాత ఇంట్లో ఒక అంతస్తులో నడిపే చిన్న లాడ్జి. కొన్ని నిజంగా బావుంటాయి. కానీ మీ 150కి అక్కడ దొరికేది చాలావరకు లోపలివైపు చీకటి గదో, ఏసీ లేని చిన్న గదో అవుతుంది. జూన్‌లో వియన్నాలో ముప్పై డిగ్రీలు దాటే రోజులుంటాయి. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళకి ముప్పై ఒక లెక్కా అని నవ్వకండి. ఇక్కడ ఫ్యాన్ ఉండదు. కిటికీ తీసి పడుకుంటే కింద కెర్న్‌ట్నర్ స్ట్రాస్సెలో అర్ధరాత్రి దాకా జనం, తెల్లారకముందే సరుకుల వ్యాన్లు. ఆల్బర్టీనా మ్యూజియం వైపైతే గుర్రబ్బళ్ళ డెక్కల చప్పుడు. మొదటి రోజు ముచ్చటగానే ఉంటుంది, మూడో రోజుకి వాసన కూడా తెలుస్తుంది.

దగ్గరగా ఉండటంలో లాభం లేదని కాదు. ఒంటరిగా వచ్చి, నాలుగు రాత్రులూ ఒపెరాకే వెళ్ళే పిచ్చి ఉన్నవాళ్ళకి నేనే మొదటి జిల్లా చూసుకోమంటాను. సెప్టెంబరు నుంచి జూన్ దాకా దాదాపు రోజుకో వేరే ప్రదర్శన ఆడే చోటది. నిలబడి చూసే టికెట్లు అదే రోజు అమ్ముతారు, కూర్చునే టికెట్ల ధరతో పోలిస్తే చాలా చవక. లోపలికెళ్ళి ముందున్న కడ్డీకి స్కార్ఫ్ కట్టి మన చోటు ఖాయం చేసుకుని మళ్ళీ బయటికి రావడం ఇక్కడి ఆచారం. అచ్చం మన బస్సు సీటు మీద తువ్వాలు వేసినట్టే. అలాంటివాళ్ళు మధ్యలో గదికెళ్ళి ఓ గంట నడుం వాల్చి రావాలంటే దగ్గరుండాలి. మీది ఒక్క సాయంత్రం. దాని కోసం నాలుగు రాత్రులూ అదనపు డబ్బు పోయడం దండగ.

ఇప్పుడు వీడెన్ ఎందుకంటున్నానో. ఒపెరా నుంచి బయటికొచ్చి రోడ్డు దాటితే 62 నంబరు ట్రామ్ బయలుదేరే చోటుంది. 1 నంబరు కూడా రింగ్ మీద నుంచి వచ్చి అటే మలుపు తిరుగుతుంది. రెండూ వీడ్నర్ హౌప్ట్‌స్ట్రాస్సె మీదుగా వెళ్తాయి. రెసెల్‌గాస్సె, పౌలానర్‌గాస్సె, మాయర్‌హోఫ్‌గాస్సె అని స్టాపులు. ఈ దారిలో మీరు మెట్లు దిగి భూమి లోపలికి వెళ్ళాల్సిన పనే లేదు. ఇక్కడి ట్రాముల్లో నేల బాగా కిందికి ఉంటుంది, తలుపు దగ్గర ఎత్తు రోడ్డుకి జానెడు కూడా ఉండదు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి మెట్రో కంటే ట్రామే మేలని అందుకే అంటాను. మెట్రోకి లిఫ్టులు ఉంటాయి నిజమే, కానీ ఒపెరాకి దగ్గరి మెట్రో స్టేషన్ కార్ల్స్‌ప్లాట్స్ ఒక చిన్న ఊరంత. యూ1, యూ2, యూ4 మూడు లైన్లూ అక్కడ కలుస్తాయి. ఏ లిఫ్టు ఎక్కడికి తేలుతుందో తెలియక జనం తిరుగుతూనే ఉంటారు. వెళ్ళాల్సి వస్తే "ఓపర్" అని రాసి ఉన్న బాణాల వెంటే నడవండి, "కార్ల్స్‌ప్లాట్స్" అన్న బాణం చూసి మురిసిపోతే చర్చి వైపు తేలతారు.

ఆ చర్చి వైపు తేలినా నష్టం లేదనుకోండి. కార్ల్స్‌కిర్హె ముందు చిన్న కొలను, దాని గట్టు మీద జూన్ సాయంత్రాల్లో పక్కనున్న టెక్నికల్ యూనివర్సిటీ పిల్లలు గుంపులుగా కూర్చుంటారు. అక్కడ నుంచి ఒపెరాకి పార్కు మీదుగా పదినిమిషాల నడక. మీ ఇద్దరికీ వెళ్ళేటప్పుడు ఆ నడక బావుంటుంది. పెద్దవాళ్ళని ట్రామ్ ఎక్కించి మీరు నడిచి రావచ్చు కూడా.

వీడెన్ నుంచి ఇంకో లాభం నాష్‌మార్క్ట్ బజారు. కూరలు, పళ్ళు, ఫలాఫెల్, మసాలా దినుసులు అన్నీ ఉంటాయి. ఆదివారం ఉండదు. ఆదివారం ఊళ్ళో దాదాపు అన్ని సూపర్‌మార్కెట్లూ మూసేస్తారు, పెద్ద రైల్వే స్టేషన్లలో ఉన్నవి మాత్రం తెరిచి ఉంటాయి. మీరు శనివారం రాత్రి దిగితే పాలు, పెరుగు, బ్రెడ్ ముందే కొని పెట్టుకోండి. మంచినీళ్ళు మాత్రం కొనకండి. కుళాయి నీళ్ళు ఆల్ప్స్ కొండల ఊటల నుంచి పైపుల్లో వస్తాయి. 1873 నుంచి అలాగే వస్తున్నాయి. వాటిముందు బాటిల్ నీళ్ళు ఎందుకూ పనికిరావు.

హౌప్ట్‌బాన్‌హోఫ్ వైపు ఊరి అందం తక్కువ. అద్దాల బిల్డింగులు, వెడల్పు రోడ్లు. కానీ హోటళ్ళు కొత్తవి, ఏసీ ఉంటుంది, లిఫ్టు నేల నుంచే ఉంటుంది, గదులన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి ఆశ్చర్యాలుండవు. ఏర్‌పోర్టు నుంచి రైల్లో పావుగంటలో అక్కడ దిగొచ్చు. యూ1 మెట్రో ఎక్కితే టౌబ్‌ష్టుమ్మెన్‌గాస్సె, ఆ తర్వాతది కార్ల్స్‌ప్లాట్స్, రెండే స్టాపులు. మెట్రో ప్లాట్‌ఫారం రైల్వే హాలు నుంచి కొంచెం నడవాలి, అది మ్యాపులో తెలియదు. నాన్నగారికి డి ట్రామ్ మేలు. రింగ్ మీద ఒపెరా ముందే ఎక్కితే బెల్వడేర్ ప్యాలెస్ పక్కనుంచి స్టేషన్ వెనకవైపుకి తీసుకెళ్తుంది. ఆ ప్యాలెస్‌లోనే క్లిమ్ట్ గీసిన "ముద్దు" బొమ్మ ఉంది. నడిచి వెళ్ళి చూడొచ్చు.

పెద్దవాళ్ళతో వచ్చే తెలుగువాళ్ళలో సగం మందికి నేను చివరికి ఇదే చెప్తుంటాను. అందం తక్కువన్నానని వెనకాడకండి. పొద్దున్న తొమ్మిదికి బయటపడితే రాత్రికే కదా గదికి చేరేది.

మిగతా ప్రాంతాలు తొందరగా చెప్పేస్తాను. లాండ్‌ష్ట్రాస్సె, అంటే వీన్ మిట్టె స్టేషన్ వైపు, యూ4లో రెండు స్టాపులు, ఏర్‌పోర్టు రైళ్ళకి అనుకూలం, బాగానే ఉంటుంది. రెండో జిల్లా ప్రాటర్‌ష్టెర్న్ నుంచి యూ1లో నాలుగు స్టాపులు, ధర కాస్త తగ్గుతుంది, పిల్లలుంటే జెయింట్ వీల్ దగ్గర. షోన్‌బ్రున్ వైపు యూ4లో ఆరు స్టాపులు, ఇంకెక్కడా దొరక్కపోతే చూడండి. గుర్టెల్ అనే పెద్ద రోడ్డు మీద మాత్రం వద్దు, రాత్రంతా ట్రాఫిక్.

ఆరో, ఏడో జిల్లాల గురించి మాత్రం ఒక హెచ్చరిక. మరియాహిల్ఫర్ స్ట్రాస్సె షాపింగ్ వీధి, మ్యూజియంస్‌క్వార్టియర్ అక్కడే కాబట్టి కుర్రాళ్ళందరూ అటే వెళ్తారు. నాక్కూడా ఇష్టమైన చోటే. కానీ ఆ వీధి గట్టు మీద ఉంటుంది, నాష్‌మార్క్ట్ పల్లంలో ఉంటుంది. మధ్యలో ఏటవాలు. మ్యాపులో మూడొందల మీటర్లు అని చూపించే చోట నిజానికి ఫిల్‌గ్రాడర్ మెట్ల వరసో, రాల్ మెట్ల వరసో ఎదురవుతుంది. చూడ్డానికి చాలా అందమైన మెట్లు, ఫొటోలు దిగుతారు. మా ఆఫీసులో పనిచేసే ఒకాయన అత్తమామల్ని ఆ పక్కనే దింపాడు. "ఒపెరాకి పన్నెండు నిమిషాలే నడక" అని సంబరపడ్డాడు. రెండో రోజు నుంచి టాక్సీల ఖర్చు హోటల్ మీద మిగిల్చిన దాన్ని మింగేసింది. దానికి తోడు నాయ్‌బౌగాస్సె, పిల్‌గ్రామ్‌గాస్సె స్టేషన్ల దగ్గర యూ2 లైన్ పొడిగింపు పనులు కొన్నేళ్ళుగా జరుగుతున్నాయి. ఆ చుట్టుపక్కల తీసుకుంటే ఇటీవలి రివ్యూల్లో డ్రిల్లింగ్ చప్పుడు మాటేమైనా ఉందేమో చూసుకోండి.

ఇంకో పొరపాటు చెప్పకపోతే మనసొప్పదు. వియన్నాలో ఒపెరా హౌస్ ఒకటి కాదు. తొమ్మిదో జిల్లాలో ఫోల్క్స్‌ఓపర్ అని ఉంది. నాష్‌మార్క్ట్ పక్కన 1801 నాటి థియేటర్ ఆన్ డెర్ వీన్ ఉంది. "ఒపెరా దగ్గర" అని వెతికితే ఫోల్క్స్‌ఓపర్ పక్క హోటల్ కూడా వస్తుంది. సాయంత్రం ఆరున్నరకి సూటు వేసుకుని కిందికొచ్చి "నడిచి వెళ్ళొచ్చు కదా" అని అడిగిన ఒక ముసలాయనకి, ఆయన టికెట్టు ఊరి ఇంకో వైపు ఒపెరాకని చెప్పాల్సి వచ్చిన రోజు నాకు గుర్తుంది. టాక్సీ పిలిచాను. ఇక్కడ ఆలస్యంగా వెళ్తే సీట్లోకి పంపరు, ఇంటర్వెల్ దాకా బయట టీవీలో చూడాల్సిందే. ఆయన మూడు నిమిషాల ముందు చేరాడట. మీ టికెట్టు మీద వీనర్ స్టాట్స్‌ఓపర్, ఓపర్న్‌రింగ్ 2 అని ఉండాలి.

టికెట్ల మాట వచ్చింది కాబట్టి, ముందు టికెట్టు, తర్వాత హోటల్. చాలామంది తిరగేసి చేస్తారు. రోజుకో ప్రదర్శన మారే చోట మీరున్న నాలుగు రోజుల్లో ఏముందో చూసుకోకుండా బుక్ చేస్తే, మీకు నచ్చింది మీరెళ్ళిపోయిన మర్నాడు ఉంటుంది. మొదటిసారి చూసేవాళ్ళకి "టోస్కా" లాంటిది ఉంటే అదృష్టం. ఇక్కడ 1958 నుంచి అదే సెట్టింగుతో ఆడుతున్నారు, రెండు ఇంటర్వెల్స్‌తో కలిపి మూడు గంటల లోపే అయిపోతుంది, కథ కూడా మన సినిమా కథంత వేగంగా నడుస్తుంది. వాగ్నర్ రాసిన ఒపెరాల జోలికి ఈసారికి వెళ్ళకండి. సాయంత్రం ఐదుకి మొదలై రాత్రి పదిన్నర దాకా సాగేవి ఉన్నాయి, నాన్నగారు మిమ్మల్ని క్షమించరు. ఒపెరా వెబ్‌సైటులో ప్రతి ప్రదర్శనకీ మొత్తం ఎంతసేపో రాసి ఉంటుంది. అది చూసి తిరిగొచ్చే టైము లెక్క వేసుకోండి. బయట తెల్ల విగ్గు, ఎర్ర కోటు వేసుకుని టికెట్లమ్మే కుర్రాళ్ళు పట్టుకుంటారు. వాళ్ళమ్మేది టూరిస్టుల కోసం పెట్టే కచేరీలు, మీరు చూడాలనుకున్న ఒపెరా కాదు.

సీట్ల గురించి ఒక్క మాట. హాలు పక్కల చిన్న గదుల్లా ఉండే బాక్సుల్లో ముందు వరస తప్ప వెనక కుర్చీల నుంచి స్టేజి సగమే కనిపిస్తుంది. ధర తక్కువగా ఉందంటే కారణం అదే. ప్రతి సీటు ముందూ చిన్న తెర ఉండి మాటలు ఇంగ్లీషులో చూపిస్తుంది, కాబట్టి భాష గురించి టెన్షన్ వద్దు.

టికెట్లు దొరక్కపోయినా, ఆ రోజు పెద్దవాళ్ళకి ఓపిక లేకపోయినా, జూన్‌లో ఇంకో మార్గం ఉంది. ఒపెరా బిల్డింగు పక్క గోడకి పెద్ద తెర కట్టి, లోపల జరిగేదాన్ని కొన్ని రాత్రులు ఉచితంగా బయట చూపిస్తారు. కుర్చీలు వేస్తారు, ముందు వచ్చినవాళ్ళకి ముందు. మా అమ్మ రెండోసారి వచ్చినప్పుడు అక్కడే కూర్చుని చూసింది. లోపల కంటే ఇక్కడే బావుందంది, మధ్యలో లేచి వెళ్ళినా ఎవరూ ఏమీ అనరు కదా.

మీ ధర విషయానికొస్తే, జూన్ మొదట్లో ఒక్కో గది 150కి వీడెన్‌లో దొరుకుతుంది, కానీ నెలా రెండు నెలల ముందు చూస్తే కాదు, ఇప్పుడే చూస్తే. రద్దు చేసుకునే వీలున్న రేటుకి బుక్ చేసి పెట్టుకోండి. ఇక్కడ హోటల్ ధరలు ఒపెరా వల్ల పెరగవు, సదస్సుల వల్ల పెరుగుతాయి. శీతాకాలం చివర రేడియాలజీ డాక్టర్ల సదస్సు, వసంతంలో భూవిజ్ఞాన శాస్త్రవేత్తల సదస్సు వస్తే వేలమంది దిగుతారు, స్టేషన్ పక్క గది కూడా రెట్టింపవుతుంది. ఒపెరా వల్ల పెరిగేది ఒక్కసారే, ఫిబ్రవరి ప్రాంతంలో ఒపెరా బాల్ అప్పుడు. కుర్చీలన్నీ పీకేసి హాలంతా డాన్సుకి చదును చేసేస్తారు. బుక్ చేసేటప్పుడు ఊరి పన్ను, బ్రేక్‌ఫాస్ట్ ధరలో కలిశాయో లేదో చూడండి. శాకాహారులకి ఇక్కడి హోటల్ బ్రేక్‌ఫాస్ట్‌లో బ్రెడ్, చీజ్, పెరుగు, పళ్ళు తప్ప పెద్దగా ఏముండదు. నలుగురికీ కట్టే డబ్బుతో బయట బేకరీలో ఇంకా బాగా తినొచ్చు.

అపార్ట్‌మెంట్ తీసుకుంటే వండుకోవచ్చు కదా అని మీకు తట్టే ఉంటుంది. 2024 జూలై నుంచి వియన్నాలో ఇళ్ళని ఏడాదికి 90 రోజులకి మించి టూరిస్టులకి అద్దెకివ్వాలంటే అనుమతి ఉండాలి. అందుకని చివరి నిమిషంలో బుకింగు రద్దయ్యే అవకాశం లేకుండా, హోటల్ తరహాలో నడిచే సర్వీస్ అపార్ట్‌మెంట్లే చూడండి. వంట విషయంలో ఒక్క జాగ్రత్త. నేను పనిచేసిన చోట కూడా గదుల్లో చిన్న వంటగదులుండేవి. ఒకరోజు పొద్దున ఆరుంపావుకి, నా షిఫ్టు ఇంకో ముప్పావుగంటలో అయిపోతుందనగా, నాలుగో అంతస్తులో అలారం మోగింది. రెండు నిమిషాల్లో అన్ని అంతస్తుల జనం చెప్పుల్లేకుండా, దుప్పట్లు కప్పుకుని వీధిలో ఉన్నారు. ఫైరింజను వచ్చింది. పైకెళ్ళి చూస్తే మన గుంటూరు దంపతులు. ఆవిడ ప్రయాణానికి పులిహోర కలుపుతూ పోపులో ఎండుమిర్చి వేశారు, పొగ నేరుగా పైనున్న సెన్సారుకి తగిలింది. పాపం ఆవిడ చేతిలో గరిటె వణుకుతోంది. ఫైరింజను వచ్చినందుకు బిల్లు వాళ్ళ మీదే పడింది. పులిహోర మాత్రం మహా బావుంది, నాకూ ఒక డబ్బాలో పెట్టిచ్చారు. కాబట్టి వండుకోండి, అన్నం, పప్పు, పెరుగు దాకా పర్వాలేదు. పోపు పెట్టాల్సి వస్తే కిటికీ తీసి, చిమ్నీ ఆన్ చేసి, మిర్చి చివర్లో వేయండి.

బయట తినేటప్పుడు ఒక మోసం గమనించండి. ఫ్రిటాటెన్‌సూప్ అని దోసె ముక్కల్లాంటివి వేసిన సూప్ వస్తుంది, చూడ్డానికి శుద్ధ శాకాహారంలా ఉంటుంది. ఆ రసం గొడ్డు మాంసంతో చేసింది. "ఓనె ఫ్లైష్" అంటే మాంసం లేకుండా అని అర్థం, కానీ మాంసం ఉడికించిన రసాన్ని కొందరు మాంసం కింద లెక్కే వేయరు. సూప్ ఏదైనా విడిగా అడగాలి. జూన్‌లో తెల్ల ఆస్పరాగస్ అనే కూర సీజన్ ఇంకా నడుస్తుంటుంది. అది తెప్పించుకోండి, హామ్, అంటే పంది మాంసం, వద్దని చెప్పి. ఒపెరా అయ్యాక ఆ వేళకి హోటళ్ళ వంటగదులు చాలావరకు మూసేస్తారు. ఆల్బర్టీనా దగ్గర సాసేజి బండి ముందు సూట్లు, గౌన్లు వేసుకున్నవాళ్ళు నిలబడి తింటుంటారు, చూడ్డానికి తమాషాగా ఉంటుంది, మీకు అందులో పనికొచ్చేది పెద్దగా ఉండదు. గదిలో ఏదైనా పెట్టుకునే వెళ్ళండి.

గది గురించి చివరగా రెండు చిన్న సంగతులు. "హోఫ్ వైపు గది" అడగండి. హోఫ్ అంటే బిల్డింగు లోపలి వాకిలి. అటువైపు గదుల్లో ట్రామ్ చప్పుడు వినిపించదు. వీడ్నర్ హౌప్ట్‌స్ట్రాస్సె మీద తీసుకుంటే ఇది తప్పనిసరి. ఇంకోటి, ఇక్కడ డబుల్ బెడ్ అంటే ఒకే మంచం మీద రెండు పరుపులు, ఇద్దరికీ రెండు విడి దుప్పట్లు. మా నాన్న దాన్ని చూసి "ఈ దేశంలో మొగుడూ పెళ్ళాం పోట్లాడుకున్నా ఇబ్బంది లేదు" అన్నారు.

ట్రామ్ టికెట్టు కొన్నాక మెషీన్లో పెట్టి ముద్ర వేయించుకోవడం మర్చిపోకండి. గేట్లు ఉండవు కాబట్టి ఎవరూ చూడరనిపిస్తుంది. మామూలు బట్టల్లో వచ్చి అడుగుతారు, జరిమానా నూరు యూరోలు దాటుతుంది. ఆ రాత్రి టికెట్టు నాన్నగారి జేబులో కాదు, మీ జేబులో ఉంచుకోండి.

ఏ తేదీకి టికెట్లు దొరికాయో, ఏ హోటళ్ళు చూస్తున్నారో కింద రాయండి. అడ్రసు చెప్తే అక్కడ మెట్లున్నాయో లేదో నేను ఒకసారి అటువైపు వెళ్ళినప్పుడు చూసి చెప్తాను.